మా గదిలో సినిమా పంచాయితీ

మొన్న మా ఊరి మంగలి షాపులో గడ్డం గీయించుకుంటూ కూర్చున్నాను. పక్క కుర్చీలో వరుసకు అల్లుడయ్యే యువకుడొకడు కొత్తగా వచ్చిన సినిమా బ్రహ్మాండంగా ఉందని అందరికీ చెబుతుంటే, నేనూ చూశాననీ, ఇంటర్వెల్ తర్వాత కథ కుంటుపడిందనీ అన్నాను. అతను నావైపు తిరిగి, "మామా, ఇన్నేండ్లు దుబాయ్‌ల రాడ్లు కట్టినోనివి, సిన్మల గురించి నీకేం ఎరుక" అన్నాడు. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. నేను పోయింది దుబాయ్ కాదు, ఖతర్ అని దిద్దడం మానేసి చాలా కాలమైంది. అయితే ఆ రెండో మాటను మాత్రం ఒప్పుకోనని, సబ్బు నురగ మొహాన ఉండగానే చెప్పి వచ్చాను. ఇప్పుడు మీతోనూ అదే చెబుతున్నాను. నావంటి వయసువాళ్ళు, ఎడారిలో జీవితం సగం ఒడగొట్టి వచ్చినవాళ్ళు మీలో చాలామంది ఉంటారు కాబట్టి, మీకు త్వరగా అర్థమవుతుంది.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు వస్తున్నదని దేశం దేశమంతా తవ్విపోసి కడుతున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. నేను స్టేడియం పనిలో స్టీల్ ఫిక్సర్‌ని, అంటే ఇనుప రాడ్లను వరుసగా పేర్చి బైండింగ్ తీగతో కట్టేవాణ్ణి. బర్వా అల్ బరాహాలో మా క్యాంపు. ఆరు రోజులు ఎండ, దుమ్ము, డ్యూటీ బస్సు, మళ్ళీ పడక. శుక్రవారం ఒక్కటే మాది. ఆ శుక్రవారాన్ని నిద్రకు వదిలేసినవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టను. మా గదిలో మాత్రం ఆ రోజు సినిమాది.

దానికి మూలపురుషుడు హైదరాబాదు భాయి. కంపెనీ బస్సు నడిపేవాడు, మా అందరికంటే పెద్దవాడు. జుమ్మా నమాజు చేసుకుని వచ్చి, అందరం కలిసి తిన్నాక, వెళ్ళిపోయే వాళ్ళెవరో వదిలేసిన పాత టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చి నలుపు తెలుపు సినిమాలు పెట్టేవాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన స్టోర్ కీపరుకు అవి గిట్టేవి కావు. ఆయన పోరు పడలేక ఒక వారం పాత సినిమా, ఒక వారం క్యాంపుల దగ్గర మావంటివాళ్ళ కోసం కట్టిన థియేటర్‌లో కొత్త సినిమా అని ఒప్పందం చేసుకున్నాం. ఏది చూసినా, తర్వాత చాయ్ పెట్టుకుని కూర్చుని ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెప్పి తీరాలి. ఊరికే బాగుంది అంటే భాయి ఊరుకునేవాడు కాదు, ఎందుకు బాగుందో చెప్పాలి. "అచ్ఛా హై బోలే తో నై చల్తా. కైకు అచ్ఛా హై, గది చెప్పు" అనేవాడు.

ఎంత గట్టిగా వాదించుకునేవాళ్ళమంటే, ఒకసారి కొట్లాట అనుకుని క్యాంపు సెక్యూరిటీ వాడు పరుగెత్తుకొచ్చాడు. అతనిది ఆఫ్రికాలో ఏదో దేశం. గొడవ ఒక కల్పిత జమీందారు తన కొడుకును ఇంట్లోంచి గెంటేయడం న్యాయమా కాదా అన్న దాని గురించని స్టోర్ కీపరు వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే, అతను గుమ్మంలోనే నిలబడి కథంతా చెప్పించుకుని, తప్పు తండ్రిదేనని తీర్పు ఇచ్చి వెళ్ళాడు. ఆ సినిమా మీద అంతకంటే మంచి మాట ఇప్పటికీ ఎక్కడా వినలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా చిన్న బామ్మర్ది, అంటే నా భార్య తమ్ముడు, పెళ్ళయిన కొద్ది నెలలకే మా కంపెనీకే వచ్చాడు. మా గదిలోనే నా పక్క మంచం. ఒక శుక్రవారం మేం చూసిన కొత్త సినిమాలో నాయకుడు కూడా దుబాయ్‌లో కష్టపడే మనిషే. అతను పంపిన సొమ్ముతో భార్య పట్టుచీరలు కట్టుకుని ఊళ్ళో మరొకడితో తిరుగుతుంది. అతను చెప్పకుండా దిగి, ఇద్దరినీ పట్టుకుని, మిగిలిన సినిమా అంతా పగ తీర్చుకుంటాడు. థియేటర్ నిండా మావంటివాళ్ళే, ఈలలే ఈలలు. చాయ్ దగ్గర స్టోర్ కీపరు ఫైట్లు మెచ్చుకున్నాడు, భాయి పాటలు తిట్టాడు, నాకు మొదటినుంచీ అబద్ధంగా తోచిందని నేనన్నాను. బామ్మర్ది మాత్రం తలనొప్పి అని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

ఆ వారం నుంచి అతని తీరు మారింది. లంచ్ బ్రేకులో, బాత్రూము దగ్గర, బస్సు ఎక్కబోతూ, ఎప్పుడంటే అప్పుడు, ఎవరికీ వినబడకుండా పక్కకు పోయి ఇంటికి వీడియో కాల్ చేయడం మొదలుపెట్టాడు. పొద్దున ఎవరితో మాట్లాడావు, వెనుక తలుపు ఎందుకు తీసి ఉంది, ఫోను తిప్పి గది చూపించు, వాకిలి చూపించు అని సాధించేవాడు. స్టేడియం పని పూర్తయ్యేదాకా సెలవులు లేవని కంపెనీ చెప్పింది కాబట్టి, వీసా క్యాన్సిల్ చేయించుకుని చెప్పకుండా ఊళ్ళో దిగుతానని నాతో అన్నాడు. నేను మందలిస్తే, "నీకేం బావా, అక్క ముసల్దయింది, నీకు రంది లేదు" అన్నాడు. ఇది నా భార్యకు చెప్పలేదు. చెప్పి ఉంటే సముద్రం దాటి వచ్చి ఉండేది.

ఇక్కడ ఇలా ఉండగా, అక్కడ అతని భార్య ఏడ్చి ఏడ్చి, ఏదో సినిమా చూసినప్పటి నుంచే ఇలా అయ్యాడని తన ఆడబిడ్డకు, అంటే నా భార్యకే, అంతా చెప్పుకుంది. నా భార్య నాకు ఫోన్ చేసి, ఆ సినిమా పేరేమిటని మాత్రం అడిగింది. తర్వాత, బీడీలు చుట్టే ఆడవాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకుని, మరదలి చెయ్యి పట్టుకుని, బస్సెక్కి టౌనుకు పోయి ఆ సినిమా చూసి వచ్చింది. వచ్చే శుక్రవారం మీరు పంచాయితీ పెట్టుకున్నప్పుడు ఫోన్ చేస్తా, అందరికీ వినబడేటట్టు పెట్టు అన్నది. ఆమె అంటే అన్నట్టే.

ఆ శుక్రవారం చాయ్ గ్లాసుల మధ్య ఫోను పెట్టాను. నా భార్య కుశలం కూడా అడగలేదు.

"గా సిన్మ తీసినోనికి ఒక్క సంగతి తెల్వదు. మొగడు దూరమున్న ఇంట్ల ఆడిది పొద్దుగాల లేస్తే నీళ్ళు పట్టాలె, బీడీలు చుట్టాలె, అత్తను దవఖానకు తీస్కపోవాలె, ఎరువు బస్తాకు లైన్ల నిలవడాలె. సిన్మల గామెకు ఒక్క పనన్న లేదు. పొద్దంత అద్దం ముందల్నే కూసుంటది. గసొంటి ఇల్లు మన ఊర్ల ఏదున్నదో జెర చూపియ్యుమను."

స్టోర్ కీపరు సర్దిచెప్పబోయాడు. "అదంతా సినిమా కదండీ అక్కా, అంత మనసుకి పట్టించుకోకూడదు."

"సిన్మనే అయితే మా తమ్ముడు పెండ్లాం చేత ఫోన్ పట్టిచ్చి ఇల్లంత ఎందుకు తిప్పిస్తుండన్నా?"

అందరూ బామ్మర్ది వైపు తిరిగారు. అప్పటిదాకా గదిలో ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. భాయి మాట మార్చడానికి, "గందుకే చెల్లె, పాత సిన్మలు చూడాలె బోల్తూఁ మై. అండ్ల ఆడోళ్ళకు ఎంత ఇజ్జత్ ఉంటది" అన్నాడు.

"ఏం ఇజ్జత్ భాయన్నా? పాతయి నేను సూడలేదా? అండ్ల గూడ అనుమానం మొగనిదే, ఏడుపు పెండ్లానిదే. ఆఖరికి కాళ్ళు మొక్కేది గూడ ఆమెనే."

పాత సినిమాలను ఒక్క మాట అననివ్వని భాయి, "సహీ బోలీ" అని ఒప్పుకున్నాడు. అప్పుడు అవతల ఫోను మా బామ్మర్ది భార్య అందుకుంది. నన్ను అన్నా అని పిలిచే ఆ పిల్ల నా ముందు ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడి ఎరుగదు.

"అన్నా, గీ మాట ఆయనకు చెప్పు. రేపటి సంది నేను ఫోన్ తిప్పి ఇల్లు చూపియ్య. మాట్లాడాల్నంటే మాట్లాడుమను. కావలి కావాల్నంటే కుక్కను తెచ్చుకొమ్మను."

బామ్మర్ది లేచి చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాత సైటులో ఒకే వరుసలో వంగి రాడ్లు కడుతూ కూడా నాతో మాట్లాడలేదు. ఒక రోజు నీళ్ళ డ్రమ్ము దగ్గర, "నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్ బావా" అన్నాడు. నేను వెనక్కి తగ్గలేదు. "ఇజ్జత్ నేను తియ్యలే. నువ్వే ఫోన్ల ఇల్లంత తిప్పించినవ్" అన్నాను. అక్కడ ఆ పిల్ల కూడా తగ్గలేదు. అతను ఫోన్ చేస్తే మామూలుగా మాట్లాడేది, అనుమానపు మాట వచ్చిందంటే పెట్టేసేది. మళ్ళీ చేస్తే ఎత్తేది కాదు. వీసా క్యాన్సిల్ మాట మళ్ళీ అతని నోటి నుంచి రాలేదు కానీ, శుక్రవారాలు మాత్రం మాతో కూర్చోవడం మానేశాడు.

చివరికి భాయే దారి తీశాడు. కావాలనే పెట్టాడో, చేతికి అందింది పెట్టాడో నేను అడగలేదు. ఒక శుక్రవారం భార్యను అనుమానించి అడవికి పంపే మొగుడి పాత సినిమా పెట్టి, బామ్మర్దిని భుజం పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. సినిమా అయ్యాక అందరం చెప్పాం. వంతు అతని దగ్గరికి వచ్చింది.

"ఆమె తప్పేం లేదు" అన్నాడు బామ్మర్ది, గ్లాసులోకి చూస్తూ. "ముందుగాల్నే నిమ్మలంగ అడిగి ఉంటే సిన్మ ఆడనే అయిపోతుండె."

"కైకు అడగలే?" అన్నాడు భాయి, ఎవరినైనా అడిగినట్టే.

"భయం. ఇంత దూరం ఉన్నోనికి భయమైతది భాయి. గది చెప్పుకోరాక అనుమానపడ్తడు."

ఎవరమూ నవ్వలేదు. అతను ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. చాలాసేపటికి వచ్చి, మొహం కడుక్కుని, "వచ్చే వారం మనం చూసే సిన్మ ఆమె గూడ చూస్తదట, మాట్లాడ్తదట" అన్నాడు.

అలా మా పంచాయితీలో ఆడవాళ్ళు చేరారు. వాళ్ళక్కడ బీడీ చాటలు ముందేసుకుని, మేమిక్కడ చాయ్ గ్లాసులు పట్టుకుని, ఒకే సినిమా మీద రెండు దేశాల నుంచి తిట్టుకునేవాళ్ళం. వాళ్ళు వచ్చాక మేం గెలిచిన వాదాలు చాలా తక్కువ. లోకం మమ్మల్ని చూసి జాలిపడుతూ రాసిన రాతలు ఆ రోజుల్లో ఎన్నో వచ్చాయట. కష్టం అబద్ధమని నేననను. కానీ మేం వంగి రాడ్లు కట్టే నడుములం మాత్రమే కాదు, ఏది న్యాయమో ఏది కాదో తేల్చుకోవడానికి కొట్లాడిన మనుషులం. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

ప్రపంచ కప్పు ఆటలు మొదలవడానికి ముందే కంపెనీ మా పని ముగిసిందని చెప్పి విమానాలెక్కించింది. గది ఖాళీ అయింది. బామ్మర్దికి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు, టౌనులో చిన్న దుకాణం పెట్టుకుని ఆలుమగలు నడుపుకుంటున్నారు. స్టోర్ కీపరు సౌదీకి వెళ్ళాడని విన్నాను. నా భార్య ఆ సినిమా చూసిన థియేటర్ ఇప్పుడు ఫంక్షన్ హాలు. హైదరాబాదులో భాయికి చూపు మందగించి, తెర మీద మనుషుల ఆనవాలు తెలియడం లేదట. కాబట్టి అప్పుడప్పుడు నా భార్య ఫోన్ చేసి కొత్త సినిమా కథ ఆయనకు చెబుతుంది. మధ్యలో తన తీర్పులు కలపకుండా చెప్పడం ఆమెకు చేతకాదు, అందుకని ఆయన సగంలోనే వాదం మొదలుపెడతాడు. పక్కన కూర్చుని వింటాను. మా ఇంట్లో ఇప్పుడు మనిషికో ఫోను, ఎవరి సినిమా వాళ్ళది, ఎప్పుడు మొదలయిందో ఎప్పుడు అయిపోయిందో పక్క గదివాళ్ళకు తెలియదు. చూడడానికి దేనికీ కొదవ లేదు. అయ్యాక చాయ్ పెట్టుకుని ఎదురుగా కూర్చుని, నువ్వన్నది తప్పు అని నా మొహం మీద అనే మనుషులే, ఒక్కొక్కరుగా దూరమైపోయారు.