తలుపు మీద మే నెల

డెల్లా రీమర్‌కు ఏ లారీ ఎదురైనా ముందు కనబడేది రంగు కాదు, తలుపు మీది నంబరు. కేంద్ర రవాణా శాఖ ఒక్కో లారీ కంపెనీకి ఒక్కో నంబరు ఇస్తుంది. రెండేళ్లకోసారి కంపెనీ వివరాలు వాళ్లకు మళ్లీ పంపాలి. ఏ నెలలో పంపాలో నంబరు చివరి అంకె చెబుతుంది. ఒకటైతే జనవరి, మూడైతే మార్చి. నెల దాటితే నంబరు చచ్చిపోవచ్చు. చచ్చిన నంబరుతో రోడ్డెక్కితే చెక్‌పోస్టులో లారీని పక్కకు నిలబెట్టేస్తారు.

ఆ లెక్క ఆమెకు నేర్పింది అత్తగారు ఎస్తర్. అప్పటినుంచీ కాన్సస్ రోడ్ల మీద డెల్లాకు నెలలే పరుగెడుతూ కనిపించేవి. మంచు కురిసే పొద్దున ఆగస్టు వెళ్లేది పశువులను నింపుకుని. ఎర్రటి ఎండలో డీజిల్ బంకు దగ్గర ఒక జనవరి ఆవులిస్తూ నిలబడేది.

సొంత కంపెనీ కాగితాలు మాత్రం ఎస్తరే చూసుకునేది. నెల ఏదని అడిగితే, "మనది గోధుమ పండే నెల" అనేది. ఆమె పోయాక, వివరాలు మళ్లీ పంపాల్సిన ఈ ఏడాది పని డెల్లా చేతికొచ్చింది. డెల్లా తమ ఎర్ర లారీ తలుపు చూసింది. చివర యాభై ఏడు. ఏడంటే జూలై. కాన్సస్‌లో ఆఖరి గోధుమ చేలు కోసేది అప్పుడే కదా అనుకుని నిశ్చింతగా ఉంది.

మే నెల ఆఖరి రోజు వచ్చింది. రీమర్లు గోధుమ వెంట తిరిగే కోతవాళ్లు. కోత యంత్రాన్ని లారీ మీద కట్టుకుని టెక్సాస్‌లో మొదలుపెడితే, పంట పండినకొద్దీ ఉత్తరానికి నడుస్తూ మోంటానా దాకా పోతారు. పొద్దున్నే టెక్సాస్ రైతు ఫోన్ చేశాడు. గింజ కొరికితే టక్కుమంటోందట, పడమట మబ్బు కడుతోందట, వడగళ్లు పడకముందే రమ్మన్నాడు. ఇన్నేళ్లూ కోతవాళ్లకు వండిపెట్టిన డెల్లా ఈ వసంతంలోనే లారీ లైసెన్సు తీసుకుంది. ఎర్ర లారీ ఈసారి తనది. మాంసం, క్యాబేజీ కూరిన వేడి బీరాక్ రొట్టెలు గుడ్డలో చుడుతుంటే క్యాబేజీ వాసనకంటే ముందు దక్షిణపు గాలి వాసన తగిలినట్టయింది ఆమెకు.

మూట తీసుకుని వాకిట్లోకి వచ్చింది. కడిగిన కోత యంత్రం అద్దం చెరువులా మెరుస్తోంది. అందులో ఎర్ర లారీ తలుపు తిరగబడి కనిపించింది. యాభై ఏడు కాదు, డెబ్బై అయిదు.

డెబ్బై అయిదు. అయిదంటే మే. ఎర్ర లారీకి ముందు ఏళ్ల తరబడి చూసిన పాత నీలం లారీ తలుపు, చివర అవే అంకెలతో, ఒక్కసారిగా ఆమె కళ్లలో తెరుచుకుంది. అత్తగారు పెట్టెలు సర్దుతూ, బయలుదేరే హడావుడిలోనే కాగితాలు పంపేది. ఆమె చెప్పిన గోధుమ కాన్సస్‌ది కాదు, టెక్సాస్‌ది.

ఎర్ర లారీ తలుపు రాసింది మరిది మిల్ట్. ఊళ్లో చర్చి బోర్డు దగ్గర్నుంచి అన్నీ అతని కుంచెవే.

"మిల్ట్, మన నంబరు తిరగేసి రాశావు."

"అక్షరాలు ఎంత అందంగా కుదిరాయో చూడు వదినా."

"అందానికేం, నీ పెళ్లి శుభలేఖలా ఉంది. ఇవాళ్టితో మన నెల అయిపోతుంది."

మిల్ట్ ముఖం సున్నం కొట్టినట్టయింది. రంగు డబ్బా కోసం పరుగెత్తాడు.

డెల్లా లారీ మెట్టు మీదే కూర్చుని ఫోన్ తెరిచింది. రవాణా శాఖలో కంపెనీ ఖాతాను భర్త ఓరిన్ చలికాలంలోనే ఆమె పేరు మీదికి మార్పించాడు. నంబరు చూసినా అందులో నెల చూడని మనిషి అతను. నిరుడు ఎన్ని మైళ్లు తిరిగారని అడిగింది మొదటి గడి. ఓరిన్ లారీల క్యాబిన్లలోకి ఎక్కి మీటర్లు చదువుతుంటే, ఒక్కో అంకె వెనక ఒక్కో రాష్ట్రం నడిచింది: ఓక్లహోమా ఎర్రదుమ్ము, నెబ్రాస్కా చినుకులు, డకోటాలో పొద్దుగుంకని సాయంత్రాలు. ఇంత దూరం తిరిగామా అని ఆమెకే దడగా, సంబరంగా ఉంది.

తర్వాత డ్రైవర్లు ఎందరని అడిగింది. కిందటిసారి ఎస్తర్ రాసింది ఇద్దరని. డెల్లా వేలు ఒక్క క్షణం గాలిలో ఆగింది.

"ముగ్గురని కొట్టు, మూడో మనిషికి లారీ మెట్టు దిగాలనే లేదు" అన్నాడు ఓరిన్.

మూడు నొక్కింది. పంపింది. తెర మీద చక్రం తిరుగుతుంటే ముగ్గురూ దాని మీదకే వంగారు. అందినట్టు జవాబు వచ్చింది. నంబరు బతికే ఉంది.

రెండు తలుపుల మీదా మిల్ట్ అంకెలు సరిచేసి లేచాడు. రంగు ఆరేదాకా మెల్లగా నడపమని బతిమాలాడు. డెల్లా అప్పటికే సీటెక్కి కూర్చుంది. కంకర దారి దాటేలోపే ఎగిరిన దుమ్ము తడి అయిదు మీద బంగారు పొడిలా అంటుకుంది. ఎర్ర లారీ, తలుపు మీద తన మే నెలతో, దక్షిణానికి తిరిగింది.