పరాయి దూడ

పెళ్ళయి గుమ్మలక్ష్మీపురం వచ్చిన కొత్తలో మా ఆయన కూతురు నాతో మాట్లాడేది జంతువుల గురించి మాత్రమే. ఈ వైపు చిన్నపిల్లని గుంట అంటారు, మా గుంటకి అప్పుడు ఆరేళ్ళు. వాళ్ళమ్మ జ్వరమొచ్చి పోయి ఏడాదిన్నర అయింది. వచ్చిన చుట్టాలంతా నన్ను చూపించి ‘అమ్మా అని పిలు’ అంటూ దాన్ని సతాయించేవారు. ఆ కోపంతో అది నన్ను ఏమనీ పిలవడం మానేసింది. మంచినీళ్ళు కావాలంటే ఖాళీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి నిలబడేది.

నేను పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. స్కూటీ మీద కొండ ఊళ్ళు తిరిగి టీకాలు వేస్తాను. జనం డాక్టరమ్మ అంటారు, కాదని ప్రతిసారీ చెప్పే ఓపిక నాకు లేదు. అసలు నాకు ఓపికే తక్కువ. గొడ్ల దగ్గరున్న నిదానం మనుషుల దగ్గర ఉండదని మా అమ్మ దెప్పుతూనే ఉంటుంది.

ఒకరోజు అన్నాల దగ్గర మాటవరసకి, ఆవుకి పైవరసలో ముందు పళ్ళుండవని మా ఆయనతో అన్నాను. గుంట చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, “నిజంగానే ఉండవా?” అంది. నాతో అన్న మొదటి మాట అదే. పక్కింటి ఆవు దగ్గరికి తీసుకెళ్ళి పెదవి ఎత్తి చూపించాను.

ఇక రోజుకో సంగతి చెప్పాల్సిందే. మేక కంటిపాప అడ్డగీతలా ఉంటుందనీ, తల వంచి మేస్తున్నా ఆ గీత నేలకి సమంగానే ఉంటుందనీ చెబితే, పెరట్లో బోర్లా పడుకుని అరగంట మేకని పరీక్ష చేసింది. మన వేలిముద్రల్లాగే ఆవు మూతి మీద గీతలు కూడా దేనివి దానివే అంటే మా ఆయన కిరాణా కొట్లోంచి సిరా డబ్బా పట్టుకుపోబోయింది. ఎర్రచీమలు తమ పిల్లల్ని నోట కరుచుకుని, ఆ పిల్లల నోట్లోంచి వచ్చే దారంతోనే ఆకులు కుట్టి గూడు కడతాయన్నప్పుడు మాత్రం దానికి నచ్చలేదు. “పిల్లల సేత పని సేయిత్తాయా?” అని మొహం ముడుచుకుంది. గుడ్డులో ఉండగానే కోడిపిల్ల తల్లితో మాట్లాడుతుందని చెప్పిన రోజు పొదుగుతున్న కోడి పక్కన చాలాసేపు కూర్చుంది. నేను పిలవలేదు.

ఇలా నెల్లాళ్ళు గడిచాక నాకు దురాశ పుట్టింది. ఒక సాయంత్రం, “ఏ దూడ వచ్చినా ఆవు తన దూడలాగే చూసుకుంటుంది తెలుసా, పాలు కూడా ఇస్తుంది” అన్నాను. శుద్ధ అబద్ధం. ఈనిన కాసేపటికే దూడని నాకి దాని వాసన పట్టేస్తుంది ఆవు. తర్వాత పరాయి దూడ పొదుగు దగ్గరికొస్తే తన్నుతుంది. అది నాకు తెలియక కాదు. ఆవు పేరు పెట్టి నా సంగతి చెప్పుకున్నాను. గుంట ఆలోచించి, ఆ పూట మారు అన్నం పెట్టించుకుంది. నేను మురిసిపోయాను.

ఆ ఆదివారమే ఒక కొండ ఊరి నుంచి ఫోనొచ్చింది. ఒక ముసలామె ఆవు ముందు రోజు రాత్రి ఈనింది, పుట్టిన దూడ తెల్లారేలోగా చచ్చిపోయింది, ఆవు పొదుగు రాయిలా గట్టిపడిందట. గుంట నేనూ వస్తానని స్కూటీ ఎక్కేసింది.

మేం వెళ్ళేసరికి వాకిట్లో ఆ ముసలామె నాలుగు రోజుల దూడనొకదాన్ని ఆవు దగ్గరికి తోస్తోంది. పక్కింటి ఆవు కడుపు ఉబ్బి చచ్చిపోతే మిగిలిన దూడ అది. ఆవు వాసన చూసి తన్నింది. దూడ పడింది, లేచింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తన్ను తింది.

గుంట నా వైపు తిరిగింది. “నువ్వు సెప్పింది అబద్దం.”

“అవును.”

“అన్నీ అబద్దాలేనా?”

“ఇదొక్కటే.”

“ఎందుకు సెప్పినావు?”

ముసలామె వింటోంది. సిగ్గేసింది. అయినా, “నువ్వు నన్ను దగ్గరికి రానిస్తావని” అన్నాను. అది వెళ్ళి అరుగు మీద కూర్చుంది. నెల్లాళ్ళుగా ఒక్కొక్క మాటే కూడబెట్టుకున్నది నా నోటితో నేనే పాడు చేసుకున్నాను. ఏడుపొచ్చింది.

పని చూసుకోవాలి కాబట్టి ఆవు దగ్గరికెళ్ళాను. పాలు పిండేద్దామన్నాను. మా వైపు దూడ చచ్చిపోతే దాని తోలులో గడ్డి కూరి ముందు నిలబెడతారు, ఆవు అది తన దూడే అనుకుని పాలు చేపుతుంది అని చెప్పాను. ముసలామె నన్ను వింతగా చూసింది.

“గడ్డి దూడ పాలు తాగుతాదేటమ్మా? పాలు మాయి కావు, దూడయి. పిండుకుని మేమేటి సేసుకుంతాం?”

ఆ కొండల్లో చాలా ఇళ్ళల్లో ఆవు పాలు పిండరు. పెళ్ళికి ముందు నుంచీ, మూడేళ్ళుగా నేను పాడి మీద ఉపన్యాసాలు దంచుతున్న ఊరు అది.

ముసలామె పడి లేస్తున్న దూడని చూసి, “మేకలకి సేత్తాం, దీనికీ సేసి సూద్దాం” అని పెనిమిటిని పిలిచింది. చచ్చిన దూడని ఇంకా పాతిపెట్టలేదు. దాని తోలు తీస్తున్నంతసేపూ గుంటని ఇంటి వెనక్కి తీసుకుపోయి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి ఆ తోలుని బతికున్న దూడ వీపు మీద కప్పి, అడ్డతీగ నారతో పొట్ట కింద కట్టారు.

ఆవు వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నాలుక చాపి నాకడం మొదలుపెట్టింది. దూడ తల పొదుగు కిందికి దూరింది, ఆవు కదల్లేదు. పశువుల మధ్య ఇన్నేళ్ళు బతికినదాన్ని, నాకే కళ్ళు చెమర్చాయి.

గుంట నన్ను కాదు, ముసలామెని అడిగింది. “ఆ తోలు ఎప్పుడూ ఉంచుతావా మామ్మా?”

“నాలుగు రోజులేనే గుంటా. ఈ పాలు తాగితే దీని వొంటికే ఆ వాసన వచ్చెత్తాది.”

“మరి దీనమ్మ వాసన?”

ముసలామె నా వైపు చూసింది. చదువుకున్నదాన్ని నేనే కదా. తియ్యటి జవాబులు నాలుగైదు నోటిదాకా వచ్చాయి. మింగేశాను.

“నాకు తెలీదు. వాసన పోతుందేమో. తల్లి దానికి గుర్తుంటుందో లేదో మాత్రం నాకు తెలీదు” అన్నాను.

గుంట తల ఊపింది, అంతే.

నాలుగో రోజు బడి వదిలాక మళ్ళీ వెళ్ళాం. రమ్మని నేను అడగలేదు, అదే సంచీ లోపల పడేసి వచ్చి బండి దగ్గర నిలబడింది. ముసలామె నార కోసి తోలు తీసేసింది. ఆవు దూడని మూతి నుంచి తోక దాకా వాసన చూసి, ఏమీ జరగనట్టు గడ్డి మేయడానికి తల వంచింది. దూడ పాలు తాగింది.

తిరుగు దారిలో ఘాట్ మలుపు దిగుతుంటే వెనక నుంచి గుంట గొంతు వినిపించింది. “మా అమ్మ కాడ ఎండుమిరపకాయల వాసనొచ్చేది. కొట్లో పొట్లాలు కట్టేది కదా. ఎత్తుకుంటే నాకు తుమ్ములొచ్చేవి. నేను తుమ్మితే నవ్వేది.”

ఆమె గురించి ఆ ఇంట్లో ఎవరూ నాకేమీ చెప్పలేదు. నేను బాధపడతానని కాబోలు. నిజానికి నేనూ ఎవర్నీ అడగలేదు. ఆమె జాగాలో కూర్చోవాలన్న తొందరే గానీ, ఆమె ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఒక్కసారీ అనిపించలేదు నాకు.

“ఇంకా?” అన్నాను.

“ఎడం సేత్తో రాసేది. పాటలు తప్పు పాడేది.” “కొన్ని మరిసిపోతన్నాను. నేను మరిసిపోతే నువ్వు సెప్పాల.”

అలాగేనన్నాను. బండి రోడ్డు పక్కకి ఆపి, మొదటి నుంచి చెప్పమన్నాను.