తెల్లన్నం

మోతె ఊరి రేణుకమ్మ అబద్ధాలు ఆడనిదేం కాదు. సంతలో గొర్రె వయసు అడిగితే రెండేళ్లు తగ్గించే చెప్పేది. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు కాబట్టి వాడూ రెండేళ్లు కలిపే లెక్కేసుకునేవాడు. ఆ అబద్ధాల వల్ల ఎవరికీ చెరుపు జరగలేదు. కానీ పందొమ్మిది వందల నలభై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం ముందర, కోదాడలో ఒక చిన్న దవాఖాన అరుగుమీద, ఆమె అన్నం గురించి ఒక అబద్ధం ఆడింది. దాని తర్వాత ఎన్నేళ్లు బతికినా కుదురుగా ముద్ద మింగిందిలేదు.

ఆమె పెనిమిటి ఐలన్న మంద వెంట నెలల తరబడి తిరిగే మనిషి. నలుగురు పిల్లలు పుడితే దక్కింది ఒక్కడు, బీరయ్య. వాడికి చదువు అబ్బింది. ఎట్లా అబ్బిందో ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు గానీ, అబ్బింది. రజాకార్ల గొడవల్లో ఏడాదిపైన బడి మూతపడి, పోలీసు చర్య అయిపోయాక మళ్లీ తెరిచారు. పద్నాలుగేళ్ల బీరయ్యను సూర్యాపేటలో ఇంకొందరు పిల్లలతో ఒక కిరాయి గదిలో పెట్టి చదివించడానికి రేణుకమ్మే పట్టుబట్టింది.

పోయిన ఏడాది చదువంతా ఒక్క ఏడులో కూరాలని అక్కడి పంతుళ్లకు పంతం. పైగా అప్పటిదాకా ఉర్దూలో నేర్చిన లెక్కలు ఇప్పుడు తెలుగులో మళ్లీ మొదలు. పొద్దు పొడవకముందు పోయిన పిల్లలు దీపాలవేళకు గాని గది చేరేవాళ్లు కాదు. ఎండాకాలంలో పెద్ద పరీక్ష. అది గట్టెక్కితే కొడుకు ఏ కచ్చేరీలోనో కుర్చీమీద కూర్చుంటాడని రేణుకమ్మ ఆశ.

మొదటి వారంలో కొడుకును చూడ్డానికి జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, పల్లికారం మూటగట్టుకుని పోయింది. గది అరుగుమీద బీరయ్య రొట్టె తుంచుకుంటుంటే తోటి పిల్లలు తొంగిచూసి నవ్వారు. ఒకడు మేక అరిచినట్టు అరిచాడు. బీరయ్య తలెత్తకుండా రొట్టె మొత్తం తిన్నాడు. రేణుకమ్మకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చదువుకునేవాడు తెల్లన్నం తినాలని, తన కొడుకు ఎవరికీ తీసిపోకూడదని అక్కడికక్కడే అనుకుంది.

అనుకుంటే సరిపోతుందా? మోతె చేలల్లో పండేది జొన్న. ఆమె కూలీల గుంపుతో నేరేడుచర్ల దిక్కు వరికోతలకు పోయింది. నడుం పడిపోయేదాకా కోసి, కూలికి వచ్చిన వడ్లను రోట్లో దంచితే ఎర్రగా ఉంటాయని బండిలో మిర్యాలగూడ మిల్లుకు తీసుకుపోయింది. మిల్లువాడు ఒకసారి ఆడించి చూపిస్తే చాల్లేదు, ఇంకోసారి ఆడించమంది. ఈసారి మల్లెమొగ్గల్లా వచ్చాయి. కింద పడ్డ తవుడు వైపు ఆమె తిరిగైనా చూడలేదు. ఆ బియ్యంలో ఒక్క గింజ ఇంట్లో వండుకోలేదు. తాను మామూలుగా జొన్నరవ్వతో వండిన గట్క, పుల్లటి పుంటికూర తిని, మజ్జిగ తాగి పడుకునేది.

గదిలో పిల్లలకు వండిపెట్టేది ఈశ్వరమ్మ అనే ముసలామె. మంచి మనిషే గానీ గంజి ఒక్కచుక్క మిగలకుండా వార్చేది. ఆ గంజి ఆమె బర్రెకు పోయేది. ఆ చలికాలం సూర్యాపేటలో నిగనిగలాడింది ఆ బర్రె ఒక్కటే. పిల్లలకు పొద్దున చద్దన్నం, పగలు గిన్నెలో కట్టుకుపోయిన అన్నం మీద పచ్చిపులుసు, రాత్రి అన్నం, నీళ్లచారు. మిగతా పిల్లలు వారానికోసారి ఇళ్లకు పోయి పాలు, పప్పు, గుడ్లు కడుపునిండా తిని, పల్లీలు మూటగట్టుకుని వచ్చేవాళ్లు. తెలుగు లెక్కల్లో వెనకబడ్డ బీరయ్య మాత్రం ఆదివారాలూ పంతులు దగ్గరే ఉండిపోయేవాడు. వాడికి లోకమంతా ఆ తెల్లన్నమే.

మాఘమాసానికి వాడి అరికాళ్లు తిమ్మిరెక్కాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. కలం పట్టులో నిలిచేది కాదు. కూర్చున్నవాడు గోడ పట్టుకుంటే గాని లేచేవాడు కాదు. కబురందుకుని పోయిన రేణుకమ్మ, చదువు బరువుకు నీరసపడ్డాడనుకుంది. దిష్టి తీసింది. ఇంకో కుంచెడు బియ్యం ఎక్కువ ఇచ్చి, పిలగాడికి మారన్నం పెట్టమని ఈశ్వరమ్మను బతిమాలింది. చేసేది తల్లి కదా, ప్రేమకు కళ్లు ఎక్కడుంటాయి?

పాదాలు వాచాక గదిలో ఇంకో పిల్లవాడి తండ్రి చంద్రయ్య కల్పించుకున్నాడు. కోదాడ దిక్కు కలిగిన రైతు. తమ దగ్గర యోహాను అనే డాక్టరు ఉన్నాడని, తన బండిలోనే తల్లీకొడుకుల్ని తీసుకుపోయాడు. ఆయన దయ చూపుతుంటే రేణుకమ్మ ఇంకా చిన్నదైపోయింది. రొట్టె చూసి మేకలా అరిచింది ఆయన కొడుకేనని ఆమెకు తెలుసు.

యోహాను నడివయసు మనిషి, కోస్తా నుంచి వచ్చినవాడు. బీరయ్య మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి చూశాడు. కాలు కదల్లేదు. పిక్క నొక్కితే పిల్లవాడు అబ్బా అన్నాడు. ఏం తింటున్నాడని అడిగితే, మిల్లుబియ్యం అన్నమని రేణుకమ్మ కొంచెం గర్వంగానే చెప్పింది. డాక్టరు తలూపాడు. కోస్తాలో మిల్లుబియ్యం తినేవాళ్ల కాళ్లు ఇట్లా అవడం ఆయన చూసి ఉన్నాడు. ఇక ఒక్క సంగతి తేల్చుకోవాలి.

"ఇంట్లో మీరందరూ తినేది ఈ బియ్యమేనా అమ్మా?"

చంద్రయ్య పక్కనే ఉన్నాడు, భుజాన తెల్లటి కండువాతో. అరుగుమీద ఇంకో నలుగురు తమ వంతుకోసం కూర్చుని ఉన్నారు. రేణుకమ్మ కొడుకు వైపు చూడలేదు.

"అందరం గదే తింటమయ్యా. మా ఇంట్ల ఎప్పుడూ తెల్లన్నమే."

ఇంకెవరికైనా కాళ్లు ఇట్లా ఉన్నాయా అని అడిగితే, లేవయ్యా, మేమంతా దుక్కల్లా ఉన్నామంది. డాక్టరు చాలాసేపు ఆలోచించాడు. ఇల్లంతా అదే బియ్యం తింటూ ఒక్కడికే వచ్చిందంటే ఇది తిండివల్ల కాదు, మూత్రపిండాల వాపు అయి ఉంటుందనుకున్నాడు. ఉప్పు మానమన్నాడు, పప్పు మానమన్నాడు, మెత్తగా వండిన తెల్లన్నం మాత్రమే పెట్టమన్నాడు. బీరయ్య అంతా విన్నాడు. తల్లి మాట కాదనలేదు.

పద్దెనిమిది రోజులు ఆ పత్యం నడిచింది. వాడిని ఇంటికి తెచ్చుకుని, గట్క కుండ ఒక పొయ్యిమీద, తెల్లన్నం ఇంకో పొయ్యిమీద పెట్టి, వాడికి ఏది పెట్టాలో అదే పెట్టింది. వాపు మోకాళ్లు దాటింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఛాతీమీద చెయ్యేస్తే గుండె తరిమినట్టు కొట్టుకుంటోంది. మంద విడిచి వచ్చిన ఐలన్న కొడుకును చూసి వాడి కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత, ఇద్దరూ ఒక్క కప్పుకిందే ఉంటిరి గదా, వీడు తినేదేంది, నువ్వు తినేదేంది అని అడిగాడు. కోపంతో అడగలేదు, తెలియక అడిగాడు. ఆ మాటకు రేణుకమ్మకు దవాఖాన అరుగు గుర్తొచ్చింది. డాక్టరు అడిగిందీ అదే.

ఆ రాత్రే కబురంపితే, తెల్లవారి మళ్లీ చంద్రయ్య బండే కట్టారు. ఈసారి బీరయ్యను మోసి దింపారు. యోహాను వాడి నాడి పట్టుకున్నాడు, ఆయన ముఖం వాడిపోయింది. తన మందు ఎందుకు పనిచెయ్యలేదో తెలియడం లేదని ఉన్నమాట చెప్పేశాడు. అరుగుమీద ఆవాళ జనం ఇంకా ఎక్కువున్నారు.

రేణుకమ్మ ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"అయ్యా, నేను అబద్ధమాడిన. మేం తినేది జొన్నగట్క. ఇంట్ల తెల్లన్నం ఎవ్వరం తినం. వీడొక్కడికే. నలుగురిల నా కొడుకు పలుచనైతడని గట్ల చెప్పిన."

డాక్టరు చేతిలో కలం కింద పెట్టాడు. ఈ ముక్క ఆనాడే చెప్పి ఉంటే అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. చంద్రయ్య కండువా కొసతో మెడ తుడుచుకుంటూ బయటికి పోయి ఎడ్ల దగ్గర నిలబడ్డాడు. ఆమె భయపడ్డట్టు ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో. వాళ్లు నవ్వుతారనే కదా ఆమె పద్దెనిమిది రోజులు కొడుకు ప్రాణంతో ఆడుకుంది.

యోహాను ఆ పూటే సూది వేశాడు. గింజకున్న బలమంతా పైపొరలో ఉంటుందని, మిల్లు దాన్ని తీసేస్తే మిగిలేది ఉత్త పిండేనని, మిగిలిన కాస్తా గంజిలో పోయిందని వివరంగా చెప్పాడు. ఇంట్లో తినేదే పెట్టమన్నాడు. గట్క, పప్పు, ఆకుకూర, పల్లీలు, బెల్లం కలిపిన తవుడు. రేణుకమ్మ తలూపుతూ విన్నది. మిర్యాలగూడ మిల్లులో తాను విడిచిపెట్టి వచ్చిన తవుడు కుప్ప ఆమె కళ్లముందు కదిలింది.

పది రోజులకు గుండె దడ తగ్గింది. కాళ్లు మాత్రం అంత త్వరగా రాలేదు. పరీక్ష రోజు బీరయ్య గోడకానుకుని చాపమీదే ఉన్నాడు. వాడితో కూర్చోవాల్సిన పిల్లలు సూర్యాపేటలో రాస్తున్నారని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. కుడిపాదం ఈడ్చి నడవడం వాడికి ఎన్నటికీ పోదని అప్పటికింకా తెలియదు.

మధ్యాహ్నం రేణుకమ్మ గట్క మీద పుంటికూర పప్పు వేసి ముందర పెట్టింది. చదువుకునే కొడుక్కి ఈ తిండి పెట్టడం ఆమెకింకా నామోషీగానే ఉంది. బీరయ్య వంచిన తల ఎత్తకుండా గిన్నె ఖాళీ చేశాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు. పెట్టింది. అదీ తిన్నాడు.

"ఇష్టమేనా కొడుకా?" అంది మెల్లగా.

"సూర్యాపేటల దినాం పగటిపూట గిదే యాదికొచ్చేది అవ్వా. నువ్వు అంత కష్టపడి బియ్యం తెస్తున్నవని, అడిగితే చిన్నబుచ్చుకుంటవని అడగలే."

రేణుకమ్మ గరిటె చేతిలో పట్టుకుని, వాడు గిన్నె ముందుకు జరిపినా పెట్టడం మరిచి అట్లాగే కూర్చుంది.