పక్కగోడలక్క

అబద్ధం చెప్పినవాళ్లను పక్కగోడలక్క క్షమిస్తుంది. చెప్పిన వేళకు రానివాళ్లను క్షమిస్తుంది. తన మీద కాఫీ ఒలకబోసినవాళ్లను కూడా "పోన్లెండి" అని నవ్వి పంపేస్తుంది. కానీ పెట్టుడు గోరు కొస దగ్గర విచ్చుకుని కనిపించిందా, ఇక ఆవిడకు పూనకమే.

పెట్టుడు గోరుకు రెండు వైపులా ఉండే అంచుల్ని ఆవిడ పక్కగోడలంటుంది. ఆ పేరే ఆవిడకూ స్థిరపడిపోయింది. ఆ గోడలు వేలి నుంచి బయటికి వచ్చాక తిన్నగా సాగాలి. కాస్త ఏమరితే కొస వెడల్పయి కూర్చుంటుంది. అలాంటిది కంటబడితే చాలు, "ఇది గోరా, చేటా? దీంతో బియ్యం చెరుగుతారా?" అని మొదలుపెడుతుంది.

ఆవిడ దుకాణంలో పనిచేసేవాళ్ల కుర్చీలు రెండే. రెండోది భర్త చెల్లెలిది. వదిన గోళ్లు దిద్దుతుంది, మరదలు రంగులు వేస్తుంది, ఆలస్యమైందని కస్టమర్లు తిట్టే తిట్లన్నీ తింటుంది. పని పంపకం అలా కుదిరింది.

ఆలస్యం కాక ఏమవుతుంది? నెయిల్ ఫైల్‌ను వేలి పక్కనే, వేలితో సమానంగా ఆనించి ఒక్క లాగు లాగుతుంది. చెయ్యి వెల్లకిలా తిప్పి చూస్తుంది. ఒక కన్ను మూసి, గోరు కొసను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, గోడ కట్టే మేస్త్రీ వంకర చూసినట్టు చూస్తుంది. మళ్లీ ఒక్క లాగు. మళ్లీ తిప్పడం.

"అయిపోయిందా అక్కా?"

"అయిపోయింది."

"మరి చెయ్యి వదలరేం?"

"మీ చిటికెన వేలు నన్ను చూసి వెక్కిరిస్తోందమ్మా. ఒక్క నిమిషం."

ఆ ఒక్క నిమిషంలో సినిమాకు బయల్దేరినవాళ్లు ఇంటర్వెల్‌కు చేరిన రోజులున్నాయి.

ఒకసారి పన్ను నొప్పితో దవడ వాచి ఆస్పత్రికి వెళ్లింది. చీటీ రాసే అమ్మాయి గోళ్లు కొసల దగ్గర విచ్చుకుని ఉన్నాయి. ఇంకేముంది, సంచీలోంచి ఫైల్ బయటికి వచ్చింది. వెనక వరస వీధిలోకి పెరిగింది. డాక్టరే బయటికొచ్చి, "ఏమ్మా, మీకు నొప్పెక్కడ?" అంటే, "ఈ అమ్మాయి ఉంగరం వేలి దగ్గరండీ" అంది.

ఇంట్లోనూ అంతే. భర్త మోజుపడి కుట్టించుకున్న బెల్‌బాటం ప్యాంట్లన్నీ ఒక్క రోజులో పైపుల్లా సన్నబడ్డాయి. వంటింట్లో నూనె పోసుకునే గరాటు గోడవైపు తిరిగి వేలాడుతుంది. "నేను కూడా భుజాల దగ్గర కాస్త వెడల్పే చెల్లెమ్మా, నిద్రపోవాలంటే భయమేస్తోంది" అని ఆయన చెల్లెలి దగ్గర మొర పెట్టుకున్నాడు.

ఆ దుకాణానికి ఒక లైబ్రరీ ఆవిడా, ఒక బ్యాంకు ఆవిడా వస్తుండేవారు. ఇద్దరూ అక్కడ ఎప్పుడూ ఎదురుపడలేదు. ఒకరోజు వదిన ఉన్నట్టుండి అంది.

"అమ్మాయ్, వీళ్లిద్దరి సొంత గోరూ చిటికెన వేలి మీద ఒకే తీరుగా విచ్చుకుంటుంది, ఎడమ పక్కకే. ఒక తల్లి పిల్లలే."

"నీకు పిచ్చి ముదిరింది వదినా."

తీరా అడిగితే నిజమే. "ఉంది ఒకత్తె. మాటల్లేవు" అంది లైబ్రరీ ఆవిడ. ఇద్దరిలో అక్క ఈవిడే, బ్యాంకు ఆవిడ చెల్లెలు. తల్లి పోయాక ఆ తల్లి వాడిన కుట్టు మిషను ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మొదలైందట గొడవ. ఇద్దరూ పంతానికి పోవడంతో మిషను ఇప్పటికీ పక్కింటివాళ్ల వరండాలో ఉంది. అయినా, అప్పట్నుంచీ వచ్చిన ప్రతిసారీ ఇద్దరూ వేరే ఏదో మాట్లాడుతూ, "అవునూ, ఆవిడ ఈసారి ఏ రంగు వేయించుకుంది?" అని అడక్కుండా లేచేవారు కాదు.

ఇంతలో చెల్లెలికి దూరాన ఎక్కడికో బదిలీ అయింది. ప్రయాణం రోజు మధ్యాహ్నం రైలు. ఆ పొద్దున వచ్చి గోళ్లు దిద్దించుకుంటానని ముందురోజు ఫోన్ చేసింది. ఇప్పుడు పలకరించుకోకపోతే ఇక ఏ పెళ్లికో చావుకో తప్ప కలవరని వదినకు అర్థమైంది. మరదలికి మాత్రం ఆ ఆలోచనే లేదు. తీరా ఆ రోజు పొద్దున్నే అక్క వచ్చి కూర్చోవడం చూసి వదిన చెవి దగ్గరికి వంగింది.

"వదినా, చెల్లెలు ఇప్పుడే వస్తుంది కదా! ఇద్దరికీ ఒకటే టైమిచ్చావా?"

"ఈవిడది ఈలోగా అయిపోదూ?"

"నీ చేతిలో ఏదైనా ఎప్పుడైనా అయిందా?"

వదిన వినిపించుకోలేదు. ఎప్పుడూ ఒక చెయ్యి పూర్తయితే గాని రెండోది ముట్టని మనిషి, ఆ రోజు రెండు చేతుల వేళ్లన్నిటికీ పెట్టుడు గోరు పోసే కాగితపు అచ్చులు అంటించి, గబగబా పూత పెట్టేసింది. "ఆరేదాకా దేన్నీ తాకకండి" అంది. అప్పుడే తలుపు తెరుచుకుంది.

చెల్లెలు అక్కను చూసింది. అక్క గోడ మీది అద్దాన్ని చూసింది. చెల్లెలు వెనక్కి తిరగబోతుంటే వదిన ఎగిరి ఆమె ఎడమ చెయ్యి పట్టుకుంది.

"అయ్యో, చేట! ఇది పెట్టుకుని రైలెక్కుతారా?" అంటూనే చూపుడు వేలి గోరు సగం అరగదీసేసింది. సగం గోరుతో ఎవరు మాత్రం బయటికి వెళ్తారు? చెల్లెలు కూర్చుంది, అక్క పక్కనే.

వదిన ఫైల్ ఆడిస్తూనే ఉంది. తెల్లటి పొడి గాల్లోకి లేచింది. అక్క ముక్కు మీద వాలింది. అక్క ముక్కు ముడిచింది. మూతి అటూ ఇటూ తిప్పింది. భుజానికి రాసుకోబోయింది.

"కదలకండి! పక్కగోడలు పోతాయి!" అని వదిన కేక.

మరదలు జాలిపడి రుమాలు తీసుకుని లేవబోయింది. బల్ల కింద వదిన కాలు ఆమె కాలిని గట్టిగా తొక్కింది. మరదలు కూలబడింది.

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. దురదకే. చెల్లెలు ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఇక ఆగలేక కుడి చెయ్యి చాపి గోకింది.

"ఇక్కడేనా?"

"ఇంకాస్త కిందకి."

"చిన్నప్పట్నుంచీ నీ ముక్కుతో ఇదే గోల."

"రైలెన్నింటికే?" అంది అక్క.

"రెండింటికి."

"ఆ మిషను నువ్వే తీసుకుపో."

"నాకెందుకే? నాకు గుండీ కుట్టడం కూడా రాదు."

"నాకు మాత్రం వచ్చా?"

ఇద్దరూ ఒక్కసారే పకపకా నవ్వారు. మరదలు అప్పుడు చూసింది. వదిన చేతిలోని ఫైల్ గోరును తాకడమే లేదు. చాలాసేపటి నుంచీ గాల్లోనే ఆడుతోంది. పొద్దుట్నుంచీ తను మనసులో తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి మరదలు సిగ్గుపడింది. వదిన మీద ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది.

"స్టేషనుకి నేనూ వస్తా" అంటూ అక్క లేచింది. వదిన అక్క వేళ్ల కాగితాలు ఊడదీసి, ఎన్నడూ లేనిది ఇద్దరివీ నాలుగు లాగుల్లో ముగించి పంపేసింది. ఇద్దరూ మెట్లు దిగుతున్నారు. చెల్లెలు చెయ్యెత్తి ఊపింది. ఆ చెయ్యి చూసి మరదలు అదిరిపడింది.

"వదినా! చిన్నావిడ చిటికెన వేలు! చేట!"

"చూశాను."

"చూసి పంపేశావా? నువ్వా?"

"పిలిస్తే ఇంకో గంట కూర్చుంటారు. ఇంకో గంట కూర్చుంటే మళ్లీ మిషను దగ్గర మొదలెడతారు. పోనీయవే."

అంతవరకు బాగానే చెప్పింది. ఆ తర్వాత కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని, మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఆ తలుపు మూసెయ్యవే తల్లీ. ఇంకోసారి చూశానంటే స్టేషను దాకా పరిగెత్తుతాను."