మంచం మోసే రూలు

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సుల్లేవు, కాలేజీకి తాళం. మహబూబాబాద్‌లో ఒకే అద్దె గదిలో ఉండే మేం ఐదుగురం పొద్దున దీక్షా శిబిరంలో కూర్చుని నినాదాలిచ్చేవాళ్ళం, గొంతులు పోయాక గదికొచ్చి ఆట ఆడేవాళ్ళం. ఆ రోజులు మళ్ళీ వస్తే బాగుండు అంటే ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళు నన్ను వింతగా చూస్తారు. బంద్‌లో ఏం సుఖపడ్డావని అడుగుతారు.

జనగామ మిత్రుడు హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకంలోది ఆ ఆట. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు అందులో వీరులో మాంత్రికులో అవుతారు, ఎవరి బలం ఎంతో కాగితం మీద రాసుకుంటారు. కత్తి తగిలిందా లేదా అనేది పాచికలు తేలుస్తాయి. ఆ తర్వాత కొత్త కూర్పులు వచ్చి తప్పులన్నీ దిద్దుకున్నాయని మాకు తెలియదు. అందుకని ఆ పెత్తనం మేమే నెత్తినేసుకున్నాం. మాంత్రికుడు పొద్దున్నే ఒక్క మంత్రం వేసి రోజంతా ఉత్త చేతులతో తిరగాలట. తీసేశాం. తలుపు తీయడానికీ పాచిక వేయాలట. అదీ తీసేశాం.

బలం సున్నాకొస్తే మనిషి చచ్చినట్టే అన్న రూలు మాత్రం అలాగే ఉండిపోయింది. ఒకరోజు కొత్తగూడ మిత్రుడి వీరుడు గుహ ముందు పడిపోయాడు. కథ చెప్పే జనగామవాడు తెల్లకాగితం అందించి, "కొత్తోన్ని రాసుకో" అన్నాడు.

కొత్తగూడవాడు కాగితం ముట్టలేదు. "గిదేం రూలు రా? పడంగనే సచ్చినట్టేనా?"

"బుక్కుల గట్లనే ఉంది."

"బుక్కు రాసినోడు మా కొత్తగూడ అడవికి వచ్చిండా? మా అవ్వకు జరమొచ్చి కన్ను తెరవకపోతే మంచం మీద ఏసుకొని, వాగు దాటి దవాఖానకు మోసుకపోయినం. నలుగురం భుజాలు మార్చుకున్నం గని కింద పెట్టలే. బతికింది."

అలా కొత్త రూలు పుట్టింది. నలుగురు మంచం మోస్తున్నంతసేపు పడినవాడు చావడు. మోసేవాళ్ళు కత్తి ముట్టకూడదు. తీరా చూస్తే మోయడానికి మిగిలింది ముగ్గురమే. కొత్తగూడవాడు జనగామవాడి వైపు తిరిగి, "నువ్వేం జేస్తున్నవ్? వచ్చి మంచం కోడు పట్టు" అన్నాడు.

కథ చెప్పేవాడు ఎవరి పక్షమూ వహించకూడదని పుస్తకం మొదట్లోనే ఉంది. రాక్షసులు, వాన, వాగు అన్నీ వాడే నడపాలి. అయినా పుస్తకం పక్కన పెట్టి చాప మీద మా వైపుకు జరిగాడు. ఇక రాక్షసులను నడిపించే దిక్కు లేదు. అవి గుహ ముందే నిలబడిపోయాయి. మేం పడీపడీ నవ్వాం. నిధి కోసం బయలుదేరామన్న సంగతే మరిచిపోయి, ఆ మధ్యాహ్నమంతా మా వాణ్ణి వైద్యుడి ఊరు దాకా మోశాం.

రాష్ట్రం వచ్చింది. చదువులు అయిపోయి తలా ఒక దిక్కు పోయాం. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక దుకాణంలో అదే ఆట కొత్త కూర్పు కనిపించింది. ముందుగా చావు రూలే వెతికాను. మార్చారు. పడినవాడు తనకు తానే పాచిక వేసుకుంటాడు, బతికితే బతుకుతాడు. లెక్కకు బాగానే ఉంది, తప్పు పట్టను. కానీ పక్కవాళ్ళకు అందులో పనే లేదు. అక్కడే నిలబడి ఉంటే మా గది గుర్తొచ్చింది. వాళ్ళంతా నాకు కావాలనిపించింది, అప్పటికప్పుడు.

కొత్తగూడవాడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు భూపాలపల్లి బొగ్గుగనిలో పని చేస్తున్నాడు.

"మళ్ళ ఆడుదమా?"

"మస్తు ఆడుదం! ఎవ్వలెవ్వలం?"

ఆ తర్వాత మిగిలిన ముగ్గురినీ చాలాసార్లు అడిగాను. ఒకడు ఫోన్ ఎత్తడు, ఇద్దరికి తీరిక లేదు. మళ్ళీ కొత్తగూడవాడికే చేసి, "మనిద్దరమే. ఒక్కడే మోసేటట్టు రూలు మార్చుకుందం తియ్" అన్నాను.

"వద్దు రా. గా రూలొక్కటి మార్చకు."