వైర్‌లెస్ సెట్టుల "ఓవర్"

పొద్దున ఈ గల్ఫు దేశంల, నువైద్రాత్‌ల మా కూలీల క్యాంపు ముందర పోలీసు బండి ఆగింది. నా రూమ్మేట్ రాజన్న నిన్న డ్యూటీకి పోయి తిరిగి రాలె. పోలీసాయన చెవుల చిన్న బటన్ పెట్టుకొని ఏందో వింటున్నడు. మాకైతే చప్పుడే లేదు.

మా ఈడోళ్లకు యాదికుందా? మన ఊర్ల ఠాణా గోడకాడ నిలబడితే వైర్‌లెస్ సెట్ గరగర అందరికీ వినపడుతుండె. బాపును పోలీసులు జీపుల తీసుకపోయిన నాడు, ఆయన పేరెనుక "ఓవర్" అని వినంగనే అమ్మ గుండెలు బాదుకుంది. హెడ్డు కానిస్టేబుల్ నవ్విండు. "ఓవరంటే సచ్చిపోయిండని కాదమ్మా, ఇగ నువ్వు మాట్లాడు అని."

ఇప్పుడు బయటోళ్లు వినొద్దని సెట్లన్నీ లాక్ చేసిండ్రట. రాజన్న సంగతి నేనే అడిగిన. "ఖలాస్" అని పోలీసాయన బండెక్కిండు.

ఖలాస్ అంటే అయిపోయిందని. ఏది అయిపోయింది, మాటనా, మనిషా? నవ్వి చెప్పెటందుకు ఇక్కడ ఆ హెడ్డు లేడు.