మార్జిన్ లేని కుర్తా

గార్లలో మా ఇంటి ముందు గదిలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. ఆ రోజు ఒక పెళ్లికూతురి బ్లౌజులు కత్తిరిస్తుంటే కత్తెర జారి కింద పడింది. తీసుకుందామని వంగాను, అదే సమయానికి దగ్గు వచ్చింది. బొడ్డు కింద, మా రుబీనా పుట్టినప్పుడు వేసిన సిజేరియన్ కుట్టు పక్కన, ఏదో బయటికి పొడుచుకొచ్చినట్టయింది. చెయ్యి పెట్టి చూస్తే నిమ్మకాయంత ఉబ్బు. పడుకుంటే లోపలికి పోయింది, లేచి మెషీన్ మీద కూర్చోగానే మళ్లీ వచ్చింది. గ్యాసేమో అనుకుని కొన్నాళ్లు వాము నమిలాను.

వాముతో పోయే ఉబ్బు కాదది. మా ఆయన యాకూబ్ నన్ను మానుకోట దవాఖానకు తీసుకుపోయాడు. మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం. అల్ట్రాసౌండ్ తీశారు, రక్తం తీశారు, బరువు చూశారు. సర్జన్ రిపోర్టు చూసి, "ఇన్సిషనల్ హెర్నియా అమ్మా. పాత కుట్టు కాడ కండ పలచబడ్డది, పేగు బయటికొస్తున్నది. జాలీ లాంటి మెష్ పెట్టి మూయాలె" అన్నాడు.

"ఎప్పుడు చేస్తరు సార్?"

"ఇప్పుడైతే చెయ్య. బీఎంఐ ఎక్కువున్నది, షుగర్ బార్డర్ల ఉన్నది. గింత పొట్ట మీద కుట్టేస్తే కుట్టు ఆగదు. పన్నెండు కిలోలు తగ్గి రా."

బిగుతు బట్ట మీద కుట్టు ఎక్కడ పిగులుతుందో నాకు ఇంకొకరు చెప్పాలా! ఆ మాట వెంటనే అర్థమైంది. అర్థం కానిది తగ్గడం ఎట్లా అన్నది. అడిగితే, "తిండి తగ్గియ్యి, నడువు. పేగు ఇరుక్కుంటే మాత్రం పరేషాన్ అయితది, వెంటనే రావాలె" అన్నాడు. తర్వాతి పేషెంటును పిలిచారు.

అక్కడి నుంచి నా ఖర్మ మొదలైంది. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఆడవాళ్లే, అందరికీ నా పొట్ట సంగతి తెలిసిపోయింది. నేను టేపు పట్టుకుని వాళ్ల నడుము కొలుస్తుంటే వాళ్లు నాకు చిట్కాలు చెప్పేవాళ్లు. వేడినీళ్లల్ల తేనె తాగు షహనాజక్కా. కాకరకాయ రసం తాగు. రాత్రి జొన్నరొట్టె తిను. పొద్దున జొన్నరొట్టె తిను. అసలు రొట్టే తినకు. ఇట్లా చెప్పినవాళ్లల్లో ఒకామె నడుము చుట్టూ టేపు అందక రెండుసార్లు జరిపి కొలిచాను. అయినా చిట్కా చెప్పినవాళ్లే, పని ఆలస్యమైతే చాయ్ తెప్పించి, "జర తాగు అక్కా, నీరసమైతవు" అనేవాళ్లు. రోజుకు ఎన్ని చాయ్‌లు తాగానో ఆ అల్లాకే తెలియాలి.

ఇంట్లో ఇంకో బాధ. మేము ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, మీకోసం తెలుగులో చెబుతున్నాను. యాకూబ్ సాయంత్రం ఆటో పెట్టి వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు పట్టుకొచ్చేవాడు. డాక్టరు వద్దన్నాడు కదా అంటే, "రోజంతా కష్టపడ్తవు, రెండు తింటే ఏమైతది?" అనేవాడు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమతోనే నా పొట్ట ఇంతయింది. రుబీనా రోజూ మానుకోటకు పోయి డిగ్రీ చదువుతుంది. అది ఫోన్‌లో వీడియోలు పెట్టి, "అమ్మీ, నీకు మోటివేషన్ లేదు" అనేది. పొద్దున అదే మాట, సాయంత్రం అదే మాట. గార్ల అంగట్లో అమ్మితే కిలో తెచ్చి పెట్టు, తింటా అన్నాను. అలిగింది.

ఆ చిరాకుతోనే, రెండోసారి చూపించుకోవడానికి పోయినప్పుడు సర్జన్‌నే అడిగాను. "సార్, తగ్గాలంటే మనసు రావాలె కదా. దానికేమన్న గోలి ఉన్నదా?" ఆయన తన పొట్ట మీద చొక్కా సర్దుకుని, "ఉంటే ముందు నేనే మింగుతుంటి" అన్నాడు. నర్సు ముసిముసిగా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాత నిజంగానే పేగు ఇరుక్కుంది. మధ్యాహ్నం వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, ఉబ్బు రాయిలాగా గట్టిపడింది. ఆటోలో మానుకోటకు పోతుంటే ప్రతి గుంతకూ ప్రాణం పోయినంత పనైంది. సర్జన్ ఇంజెక్షన్ ఇప్పించి, పడుకోబెట్టి మెల్లగా ఒత్తి లోపలికి పంపాడు. రాత్రంతా అబ్జర్వేషన్‌లో ఉంచారు. "ఈసారికి పోయింది. మళ్లోసారి పోకపోతే ఎమర్జెన్సీ ఆపరేషన్. గీ బరువుతోటి మెష్‌కు ఇన్ఫెక్షన్ అయితే మస్తు తిప్పలు. నీ ఇష్టం" అన్నాడు. యాకూబ్ వరండాలో నిలబడి ఏడ్చాడు. నాకు చచ్చేంత భయమేసింది.

భయంతో మనిషి మారతాడంటారు. నా భయం వారం రోజులు పనిచేసింది. నొప్పి పోయింది, భయమూ పోయింది, చాయ్ మళ్లీ వచ్చింది.

అసలు సంగతి తెలిసింది ఒక శుక్రవారం. చెల్లెలి ఇంట్లో దావత్‌కు పోవాలని ఆకుపచ్చ కుర్తా తీస్తే చంకల దగ్గర పట్టేసింది. నాకు అది కొత్తేం కాదు. తిరగేసి, పక్క కుట్టు విప్పి, కొంచెం బయటికి జరిపి మళ్లీ కుట్టుకుంటే సరి. మా దగ్గరికి వచ్చే ప్రతి మనిషీ చెప్పే మాట ఒకటుంది, "అక్కా, లోపల జర బట్ట వదులు" అని. అదే మార్జిన్. నా బట్టలకు నేను అందరికంటే ఎక్కువ వదులుకునేదాన్ని. తిరగేసి చూస్తే లోపల బట్ట లేదు. పాత కుట్ల ఆనవాళ్లు మాత్రం గీతల్లాగా వరసగా ఉన్నాయి. ఊళ్లో మిగతా ఆడవాళ్లకు జాకెట్టు బిగుతైతే ఒళ్లు పెరిగిందని తెలుస్తుంది. నాకు ఎన్నడూ ఏ బట్టా బిగుతు కాలేదు. కానిచ్చానా నేను!

చెయ్యి ఊరుకుంటుందా, పక్కన అతుకు వేద్దామని అప్పటికే ముక్క కత్తిరిస్తోంది. అప్పుడొచ్చింది కోపం. డాక్టరు మీద కాదు, యాకూబ్ మీద కాదు, నా పనితనం మీద. ఆ ముక్క విసిరికొట్టాను. దావత్‌కు పోలేదు.

మర్నాడు నా ఒంటికి సరిగ్గా సరిపోయేట్టు ఒక కుర్తా కుట్టాను. మార్జిన్ మొత్తం కత్తిరించేసి అంచుకు పోగులు లేవకుండా ఇంటర్‌లాక్ కొట్టాను. ఇక విప్పడానికి ఏమీ లేదు. రుబీనా చూసి, "గిదేంది అమ్మీ, రేపు బిగుతైతే ఎట్ల?" అంది. "బిగుతైతే బిగుతే" అన్నాను.

ప్రతి శుక్రవారం నాష్తాకు ముందు అది వేసుకుని చూడాలని పెట్టుకున్నాను. చాయ్‌లో చక్కెర మానేశాను. యాకూబ్‌కు గట్టిగా చెప్పాను, బజ్జీలు తేవాలనిపిస్తే జామకాయలు తెమ్మని. పొద్దున్నే మా పక్కింటి సుజాతక్కతో రైల్వే స్టేషన్ దాకా నడిచేదాన్ని. ఆమె అంగన్‌వాడీ టీచరు, ఊరి కబుర్లన్నీ ఆమె దగ్గరే ఉంటాయి కాబట్టి దూరం తెలిసేది కాదు. మనసు రాలేదు, ఒక్కరోజు కూడా రాలేదు. తిట్టుకుంటూనే నడిచాను. కుర్తా వదులైంది. పక్కలు లోపలికి కుట్టి, మిగిలిన బట్ట కత్తిరించి పారేశాను, వెనక్కి పోవడానికి దారి లేకుండా.

రంజాన్ వచ్చి పడింది. ఉపవాసాలుంటే సన్నబడతావని అందరూ అన్నారు. పండగ బట్టలు కుట్టే మాకు ఉపవాసంలో నడక ఎక్కడిది? పగలంతా మెషీన్, ఇఫ్తార్‌లో సమోసాలు, దహీవడలు. పండగ పొద్దున కుర్తా వేసుకోబోతే భుజాల దగ్గర ఇరుక్కుంది. చేతులు పైకి, తల లోపల. రుబీనా నవ్వలేక కింద కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. విప్పడానికి కుట్టు లేదు, వదలడానికి బట్ట లేదు. పండగకు పాత బట్టలు కట్టుకుని, షీర్ ఖుర్మా పాయసం ఒక్క చెంచా తాగి, సాయంత్రం సుజాతక్కను పిలిచి స్టేషన్‌కు నడిచాను. "పండుగ పూట ఏందక్కా?" అంది. మాట్లాడకుండా నడువు అన్నాను.

వానలు తగ్గేనాటికి సర్జన్ అడిగిన బరువుకు కొంచెం అటూఇటూగా వచ్చాను. "చేద్దాం" అన్నాడు. మెష్ పెట్టారు. కొన్నాళ్లు డ్రెయిన్ గొట్టం, తర్వాత బెల్టు, దగ్గినప్పుడల్లా దిండు అదుముకోవడం, మెషీన్ వైపు చూడొద్దని యాకూబ్ కాపలా. కుట్టు ఆగింది. ఇప్పుడు మెషీన్‌కు మోటారు పెట్టుకున్నాను, బరువులు ఎత్తను. కత్తెర కింద పడితే హాయిగా వంగి తీసుకుంటాను.

ఒళ్లు మాత్రం ఊరుకోదు, సందు దొరికితే పెరుగుతుంది. అందుకే నాలాంటి వాళ్లకు ఒక్కటే చెబుతాను. మనసు వచ్చేదాకా ఆగకండి. మీకు సరిపోయే ఒక బట్టకు లోపలి మార్జిన్ కత్తిరించేయండి, వారానికోసారి తినకముందు వేసుకుని చూడండి. వదులు నైటీలను నమ్మకండి.

మొన్న సుజాతక్క కొత్త బ్లౌజు తెచ్చి, "లోపల జర బట్ట వదులు" అంది. వదిలాను, అది ఆమె ఇష్టం. రేపు శుక్రవారం. నిన్న యాకూబ్ చెల్లెలు బిర్యానీ పంపింది, నేను తిన్నాను. కుర్తా కొక్కేనికి వేలాడుతూ ఉంది, చూస్తేనే ఒళ్లు మండుతోంది. పొద్దున్నే వేసుకుంటాను.